యాభై రెండేళ్ల మేక

రెండువేల పద్దెనిమిది ఆగస్టు పదమూడు, సోమవారం. ఆ పొద్దున నేను చేసిన అటుకుల ఉప్మాలో ఉప్పు మరిచిపోయాను. మా బావమరిది భూషణం దాన్ని పూర్తిగా తిన్నాడు. ఉప్పు లేదని అనలేదు, ఉందనీ అనలేదు. అప్పటికే అతను దేని గురించీ ఏమీ అనడం మానేశాడు.

భూషణం నా భార్య సుభద్రకు ఒక్కడే తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. గెడ్డపురం మెయిన్ రోడ్డులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. సుభద్ర పోయిన ఏడాదికి కొట్టు ఆలస్యంగా తెరవడం మొదలుపెట్టాడు. తర్వాత మధ్యాహ్నం తెరిచేవాడు. తర్వాత తెరవనే లేదు. ఊళ్లో సగం మిక్సీలు ఆ కొట్టులో ఇరుక్కుపోయి, ఆడవాళ్లు అటకల మీంచి రోళ్లు దింపుకునే పరిస్థితి వచ్చాక, నేనే వెళ్లి అతన్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చూడవచ్చిన బంధువులు తలో పేరూ పెట్టి వెళ్లారు. ఒకరు బద్ధకం అన్నారు. ఒకరు శని అన్నారు. ఒకాయన చల్ల ఎక్కువ తాగడం వల్ల అన్నాడు. నేను కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. పుస్తకానికి తప్పు నంబరు వేస్తే అది బీరువాలోనే ఉంటుంది గానీ ఎవరికీ దొరకదు. భూషణం బాధకు సరైన పేరేమిటో, దానికి మందెక్కడుందో తెలుసుకోవాలని నా తాపత్రయం. ఎందుకంటే అంతకుముందు వారం, కంచం కడుగుతూ, నా వైపు చూడకుండా ఒక మాటన్నాడు. "నేను లేకపోతే మీకు వంట తగ్గుతుంది బావగారూ."

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నేను రాత్రిళ్లు చెవులు రిక్కించుకుని పడుకుంటున్నాను.

ఉప్పు లేని ఉప్మా తింటూ పేపరు తిరగేస్తే మూడో పేజీలో ప్రకటన కనిపించింది. జిల్లా మానసిక స్వస్థతా కేంద్రం ప్రారంభించారట. నిపుణులైన వైద్యులు, ఉచితంగా మందులు, ప్రజలందరూ ఈ అవకాశాన్ని సద్వినియోగం చేసుకోవాలట. కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: రోగుల గోప్యత దృష్ట్యా కేంద్రం చిరునామా ప్రకటించబడదు.

పెద్దాసుపత్రికి వెళ్లి విచారణల కిటికీలో అడిగాను. అక్కడి మనిషి మంచివాడు. కేంద్రం ఉందని చెప్పడానికి తనకు అధికారం ఉందనీ, ఎక్కడుందో చెప్పడానికి లేదనీ వివరించాడు. నా ముఖం చూసి జాలిపడి, గోప్యతాధికారి గారిని కలవమన్నాడు.

జిల్లా గోప్యతాధికారి కార్యాలయం కనుక్కోవడం ఏమంత కష్టం కాలేదు. దానికి నాలుగు రోడ్ల కూడలి నుంచి కనిపించేంత బోర్డు, చుట్టూ రంగురంగుల లైట్లు ఉన్నాయి. లోపల పరాంకుశం గారు నుదుట తిరునామంతో, ఎదురుగా ఖాళీ బల్లతో కూర్చున్నారు. బల్ల మీద కాగితం ఉంటే గోప్యతకు భంగం అని ఆయన సిద్ధాంతం.

మొదట్లో కేంద్రాన్ని ఒక అద్దె ఇంట్లో, బోర్డు లేకుండా పెట్టారట. కిళ్లీ కొట్టుకు కూడా యజమాని ఫోటోతో బోర్డు ఉండే మా ఊళ్లో, బోర్డు లేని ఇల్లు అదొక్కటే. ఆటోవాళ్లు బస్టాండులో నిలబడి "బోర్డు లేని ఆఫీసు, బోర్డు లేని ఆఫీసు, ఇంకొక్కరు" అని కేకలు పెట్టేవారట. గోప్యత ఈ విధంగా రద్దీకి దారితీయడంతో, కేంద్రాన్ని పూర్తిగా వేరే చోటికి, ఎవరికీ అనుమానం రాని ఆవరణలోకి మార్చారట.

"ఏ ఆవరణండీ?" అన్నాను.

పరాంకుశం గారు కిటికీ మూయించారు. "మీకు మేక ఉన్నదా?"

లేదన్నాను.

"సమకూర్చుకోగలరు. మేకకు జబ్బు చేస్తే సాధారణ పౌరుడు ఎక్కడికి తోలుకుపోతాడో అక్కడికి, రోగి సమేతంగా తోలుకుపోగలరు. పశువు లేని రోగి సదరు ఆవరణలో అనుమానాస్పదుడుగా పరిగణించబడును. నేను మీకేమీ చెప్పియుండలేదు."

పశువుల ఆసుపత్రి మా కాలవ గట్టు అవతల ఉంది. మర్నాడు భూషణాన్ని ఆటోలో ఎక్కించుకుని వెళ్లాను. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, అవి అలాగే మిగిలిపోయాయి.

మేకను ఎక్కడ సమకూర్చుకోవాలా అన్న బెంగ గేటు దగ్గరే తీరింది. నూకాలమ్మ అనే ఆవిడ పది పన్నెండు మేకల్ని అద్దెకు పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"పశువుల డాట్రుకా, మనుసుల డాట్రమ్మకా బాబూ?"

నేను చుట్టూ చూసి, రెండోది అన్నట్టు తలాడించాను.

"అయితే ఈ నల్లదాన్ని అట్టుకెళ్లండి. మెదలకుండా కూకుంటాది. ఆ ఎర్రదాని జోలికెళ్లకండి, డాట్రమ్మ రాసిన చీటీ మొన్న నమిలీసింది."

వెనక వైపు రేకుల షెడ్డు దాటితే ఒక గది. దానికీ పశువైద్యుడి గదికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ మాత్రమే ఉంది. అవతల ఒక గేదె గోడ మీదుగా తల పెట్టి చూస్తోంది. ఇవతల డాక్టర్ రెహానా కూర్చుని ఉంది. చిన్న పిల్ల, మొదటి ఉద్యోగం. ఆమె తల మీద గోడకు పరాంకుశం గారి సంతకంతో నోటీసు: వైద్యులు రోగిని ఉద్దేశించి నేరుగా మాట్లాడరాదు. పశువును ఉద్దేశించి మాట్లాడవలెను. పేరు అడగరాదు.

డాక్టరమ్మ నోటీసు వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, మేకకు నమస్కారం పెట్టింది. మేకకు నిద్రెలా ఉందని అడిగింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుందని నేను చెప్పాను. తిండి ఎలా ఉందంటే, పెడితే తింటుందనీ, రుచి తెలియడం లేదనీ చెప్పాను. పని మీద మనసుందా అంటే, ఇదివరకు మిక్సీలు చక్కగా బాగుచేసేదని చెప్పాను. గోడ అవతల గేదె యజమాని నా వైపు వింతగా చూశాడు.

అప్పుడు డాక్టరమ్మ కలం కింద పెట్టి, మేక ముందు చతికిలబడి, దాని మెడ నిమురుతూ నెమ్మదిగా అడిగింది. "బతకాలని లేదని దీనికి ఎప్పుడైనా అనిపించిందా?"

గేదె నెమరు వేయడం వినిపిస్తోంది.

"అప్పుడప్పుడూ అనిపిస్తుందండి, దీనికి," అన్నాడు భూషణం.

అతను తనంతట తను మాట్లాడి ఎన్నాళ్లయిందో. డాక్టరమ్మ తల తిప్పలేదు. మేక చెవులతోనే మాట్లాడింది. "అనిపించినప్పుడు ఎవరికైనా చెప్తుందా?"

"చెప్పదండి. ఉన్న ఒక్క మనిషికీ బరువెందుకని."

"ఈసారి చెప్పమనండి. చెప్పకపోవడమే ఆ మనిషికి బరువని నేనన్నానని చెప్పండి. రాత్రయినా సరే లేపమనండి."

ఆ తర్వాత ఆమె మేకకు దాని జబ్బేమిటో వివరించింది. దీన్ని డిప్రెషన్ అంటారు. బద్ధకం కాదు, శని కాదు, చల్ల వల్ల అసలే కాదు. మధుమేహం లాగా, ఆయాసం లాగా ఇదీ ఒక జబ్బు. మందుంది. కాకపోతే వేసుకున్న మర్నాటికే పనిచేయదు, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. బాగుందనిపించగానే మానేయకూడదు, నెలల తరబడి వాడాలి. పొద్దున్నే కాస్త ఎండలో తిప్పాలి. మందలోంచి విడదీసి ఒక్కదాన్నే కట్టేయకూడదు. మేక ఇదంతా శ్రద్ధగా వింది. భూషణం కూడా విన్నాడు.

చీటీ మీద పేరు రాయకూడదు గనుక, నియమం ప్రకారం ఇలా రాసింది: మేక, నలుపు, వయసు యాభై రెండు.

బయటికి వస్తుంటే ఆమె మేకను అడిగింది, దీన్ని తోలుకొచ్చిన పెద్ద మేక సరిగ్గా నిద్రపోతోందా అని. నేను ఎండ ఎక్కువగా ఉందనో ఏదో అన్నాను.

ప్రతి మంగళవారం వెళ్లేవాళ్లం. షెడ్డులో మాలాంటి వాళ్లు మరికొందరు తమ పశువులతో కూర్చునేవారు. ఒకరినొకరు పలకరించుకోకూడదని నోటీసు ఉంది. పశువుల గురించి మాట్లాడుకోకూడదని లేదు. మొదట నోరు విప్పింది ఇందుమతి గారు, ఆడపిల్లల హైస్కూలు హెడ్మిస్ట్రెస్. తమ మేక రోజుకు ముప్పైసార్లు చేతులు కడుక్కుంటుందని చెప్పారు. ఎవరూ నవ్వలేదు. పక్కన కోడిపుంజును ఒళ్లో పెట్టుకున్న హెడ్ కానిస్టేబుల్, తన పుంజు సైరన్ వింటే చెమటలు పట్టి జీపు దిగిపోతుందన్నాడు. మా మేకకెలా ఉందని అడిగారు.

నేను చెప్పబోయాను. భూషణం నా మోచేయి మీద చెయ్యి వేశాడు.

"మా మేకకి పొద్దున్నే లేవడమంటే కొండ ఎక్కినట్టుంటుందండి," అన్నాడు. "లేచాక ఏం చెయ్యాలో తెలీదు. అందరూ లేచి పన్లోకెళ్లిపోతారు కదా, వీళ్లకెలా తెలుస్తుందో అని చూస్తూ ఉంటుంది."

"మాదీ అంతేనండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. పుంజు కూడా తల ఊపినట్టనిపించింది.

నాలుగైదు మంగళవారాలకు మందు పని మొదలుపెట్టింది. భూషణం ఒకరోజు చెప్పకుండానే గడ్డం గీసుకున్నాడు. ఇంకోరోజు, నేను చేసిన వంకాయ కూరలో వంకాయ ఉడకలేదని ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదుకు నేను పొంగిపోయి సాయంత్రం మైసూర్ పాకం తెచ్చాను. కొట్టు రోజుకో గంట తెరవసాగాడు. ఊళ్లో మిక్సీలు ఒక్కొక్కటే ఇళ్లకు చేరుకుంటున్నాయి.

ఈలోగా పరాంకుశం గారు షెడ్డును ఆకస్మికంగా తనిఖీ చేశారు. నల్లమేక, ఇందుమతి గారి మేక మూతులు ఆనించుకుని కనిపించాయి. రెండు మేకలకు పరిచయం ఉన్నదంటే వాటి యజమానులకూ ఉన్నట్టేనని ఆయన అనుబంధ ఉత్తర్వు వేశారు. ఇకమీదట ఏ రోగీ ఒకే మేకను వరసగా రెండుసార్లు తీసుకురారాదు. మేకలు ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా వాటి ముఖాలకు ప్రభుత్వమే గుడ్డ సంచులు సరఫరా చేయును. సంచులు వచ్చాయి. మేకలు వాటిని తినేశాయి. సంచుల కొరతపై విచారణ సంఘం వేశారు.

అసలు ఉపద్రవం చీటీల వల్ల వచ్చింది. అవి పశువుల ఆసుపత్రి చీటీలు గనుక నెలాఖరున లెక్కల్లో చేరి రాజధానికి వెళ్లాయి. గెడ్డపురంలో యాభై రెండేళ్ల మేక ఒకటి, నలభై ఏడేళ్ల మేక ఒకటి, ముప్పై తొమ్మిదేళ్ల కోడిపుంజు ఒకటి సజీవంగా ఉన్నట్టు పశు సంవర్ధక శాఖకు తెలిసింది. మామూలుగా మేక పదిహేనేళ్లు బతికితే గొప్ప. శాఖలో పెద్ద కలకలం రేగింది. శాస్త్రవేత్తలు జీపులో వచ్చి మా కాలవ నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. మా గట్టు మీద గడ్డిని కొలిచారు, ఎండబెట్టారు, ఒకాయన నమిలి కూడా చూశాడు. చుట్టుపక్కల ఊళ్లనుంచి ముసలాళ్లు వచ్చి ఆ గడ్డిని పప్పులో వేసుకుంటామని కోసుకెళ్లారు. యాభై రెండేళ్ల మేకకు శాలువా, పశువైద్యుడు కొండలరావు గారికి ఉత్తమ సేవా పురస్కారం ప్రకటించారు. ఆయన మూడు రోజులు అన్నం మానేసి, నాలుగో రోజు ఒక ఆవుదూడను వెంటబెట్టుకుని డాక్టర్ రెహానా గది ముందు వరసలో నిలబడ్డాడు.

అదే లెక్కల్లో మానసిక స్వస్థతా కేంద్రం కింద, చూసిన మనుషులు అన్న చోట, గోప్యతా నియమానుసారం, నిల్ అని ఉంది. మొదట్నుంచీ నిల్. కాబట్టి జిల్లాలో మానసిక జబ్బులు లేవని ప్రభుత్వం సంతోషంతో నిర్ధారించి, కేంద్రాన్ని రద్దు చేసి డాక్టరమ్మను వేరే జిల్లాకు పంపడానికి నిశ్చయించింది. రాజధానిలో రెండు శాఖలనూ చూసే సంయుక్త సంచాలకులవారు స్వయంగా వచ్చి ఒకే సభలో మేకకు శాలువా కప్పి, కేంద్రానికి రద్దు ఉత్తర్వు అందజేస్తారని కబురొచ్చింది.

ఆ కబురు నేను భూషణానికి చెప్పకుండా దాచాలనుకున్నాను. షెడ్డులో మేకల ద్వారా అతనికి అప్పటికే తెలిసింది. ఆ సాయంత్రం కొట్టు తెరవలేదు. అన్నం ముందు కూర్చుని, మెతుకులు అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాడు. మందు మధ్యలో ఆపకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి ఆమె ఇక ఉండదు. ఇంకో కేంద్రం ఎక్కడుందని అడిగితే పరాంకుశం గారు నన్ను ఈసారి ఏ జంతువును తెచ్చుకోమంటారో. నేను మళ్లీ చెవులు రిక్కించుకుని పడుకోవడం మొదలుపెట్టాను.

సభ పశువుల ఆసుపత్రి ముందే జరిగింది. షామియానా వేశారు. సంయుక్త సంచాలకులవారు బొద్దుగా, కళకళలాడుతూ ఉన్నారు. దీర్ఘాయుర్దాయ పశుసంపద విషయమై అరగంట ఉపన్యసించి, చివరకు, యాభై రెండు సంవత్సరముల సదరు మేకను వేదిక మీదికి తోడ్కొని రావలసిందిగా కోరారు.

కొండలరావు గారు తన బూట్లు చూసుకున్నారు. పరాంకుశం గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. డాక్టర్ రెహానా వెనక వరసలో, అప్పటికే సంచీ సర్దుకుని కూర్చుంది. నూకాలమ్మ తన మేకల్లో అన్నిటికన్నా ముసలిదాన్ని ముందుకు తోయడానికి ప్రయత్నించింది గానీ అది కదల్లేదు.

నా పక్క కుర్చీ ఖాళీ అయింది. చూస్తే భూషణం నడుచుకుంటూ వేదిక ఎక్కుతున్నాడు. చేతిలో తాడు లేదు, వెనక మేక లేదు. మైకు తన ఎత్తుకు సరిచేసుకున్నాడు. అది గరగరమంటే మరను కాస్త బిగించాడు, గరగర ఆగిపోయింది.

"ఆ మేకని నేనేనండి," అన్నాడు.



"నా పేరు నాగభూషణం. నాకు డిప్రెషన్. ఈ డాక్టరమ్మగారి దగ్గర మందు వాడుతున్నాను, తగ్గుతోంది. ఆవిణ్ణి పంపించేస్తే నేను మళ్లీ గోడవైపు తిరిగి పడుకోవాలి. ఆ గోడ నాకు బాగా తెలుసండి. అటు వెళ్లాలని లేదు."



సంయుక్త సంచాలకులవారు పరాంకుశం గారి వైపు వంగి, ఈ వ్యక్తి మనిషేనా అని విచారించారు. పరాంకుశం గారు, ఆ సంగతి వెల్లడించడానికి తనకు నియమాలు అంగీకరించవన్నారు. అయితే ఆ వ్యక్తే వెల్లడించాడు కదా అన్నారు వారు. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడారు. చివరకు సంయుక్త సంచాలకులవారు లేచి గొంతు సవరించుకున్నారు.

"నిల్ అయినచో రద్దు చేయవచ్చును. కనీసం ఒక్కరు ఉన్నట్లు తేలినందున నిల్ అనుటకు వీలులేదు. నిల్ కాని దానిని రద్దు చేయు అధికారం నాకు లేదు. కావున విషయము పరిశీలనలో ఉంచడమైనది."

ప్రభుత్వంలో ఒకసారి పరిశీలనలో పడినదాన్ని కదిలించగలవాడు ఇంకా పుట్టలేదు. డాక్టర్ రెహానా సంచీ విప్పి, స్టెతస్కోపు మళ్లీ మెళ్లో వేసుకుంది.

మిగిలింది శాలువా. అది యాభై రెండేళ్ల మేక పేరు మీద మంజూరైంది, తిప్పి పంపితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. అందుచేత దాన్ని భూషణానికే కప్పారు. శాలువాతో పాటు ఒక బస్తా దాణా కూడా ఇచ్చి సంతకం తీసుకున్నారు. నాగభూషణం అనే వ్యక్తి యొక్క గోప్యతకు భంగం కలిగించినందుకు సంజాయిషీ కోరుతూ నాగభూషణానికి అక్కడికక్కడే పరాంకుశం గారు నోటీసు ఇచ్చారు. ఆ నోటీసు సంగతి నాగభూషణానికి తెలియనివ్వరాదని అందులోనే షరతు పెట్టారు.

మరుసటి మంగళవారం ఇందుమతి గారు వట్టి చేతులతో వచ్చి తన పేరు తనే చెప్పుకుని గదిలోకి వెళ్లారు. నూకాలమ్మ తన బేరం పోయిందని భూషణాన్ని తిట్టింది. "మీ బామ్మర్ది నా పొట్ట కొట్టీసినాడు బాబూ," అంది నాతో. అంతగా ఏమీ పోలేదు. హెడ్ కానిస్టేబుల్ లాంటి కొందరు ఇప్పటికీ ఏదో ఒక జంతువును తెచ్చుకుంటారు. పక్కన మేక ఉంటే మాట్లాడటం తేలికట. దాణా బస్తా నూకాలమ్మకే ఇచ్చేశాం.

సభ జరిగిన రోజు ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. భూషణం చారు పెట్టాడు, నేను అప్పడాలు కాల్చాను. తిన్నాక ఇందుమతి గారి మిక్సీ విప్పి దాని పళ్లు తుడుస్తూ కూర్చున్నాడు. రాత్రి మాత్ర నేను గుర్తు చేయకముందే వేసుకున్నాడు. నేను ముందు గదిలో నడుం వాల్చి పేపరు చదువుతున్నాననుకుంటున్నాను గానీ, కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు. ఎవరో నా కళ్లజోడు తీసి కిటికీలో పెట్టడం లీలగా తెలిసింది. తర్వాత వీధి తలుపు. దాని గడియ పాతది, వేస్తే ఇల్లంతా అదురుతుంది. భూషణం అడ్డంగా వేలు పెట్టి, గడియను ఆ వేలి మీదకు దింపి, చప్పుడు కాకుండా లోపలి నుంచి తలుపు వేశాడు.